మణిగోడకు ఆవలి పక్క

నోట్లో నువ్వుగింజ నానదని పల్మోకు రింగ్మో ఊళ్ళో పేరు. ఎవరింట్లో ఆవు ఈనినా, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినా, సరస్సు దగ్గర బిందె ముంచి ఇంటికి చేరేలోపే పల్మో వల్ల ఊరంతటికీ తెలిసిపోయేది. అలాంటి మనిషి ఆ ఏడాది పంటలు కోసే కాలంలో ఒక్క మాట నోట్లో దాచుకుని రెండు కనుమలు దాటి తరాప్ లోయకు వచ్చింది. ఆ మాటను అలాగే దాచుకుని మళ్ళీ రెండు కనుమలూ దాటి వెనక్కి పోవాలి.

ఆ మాట ఏమిటంటే, కొడుకు పోయాడు.

ఒక్కడే కొడుకు. పేరు చెప్పకూడదు. పోయినవాళ్ళ పేరు ఏడు వారాలు తీరేదాకా ఆ లోయల్లో ఎవరూ ఎత్తరు. పేరు వినపడితే ఎవరో పిలిచారనుకుని వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, పోవలసిన దారి తప్పుతాడు. ఏడవనూ కూడదు. ఇక్కడ మనం కార్చే కన్నీళ్ళు అక్కడ వాడి దారిలో వడగళ్ళై పడతాయి. పల్మో కొడుకు అసలే టోపీ పెట్టుకునే రకం కాదు. మంచు కురుస్తున్నా నెత్తి మీద ఏమీ లేకుండా తిరిగేవాడు. "ఒరే, నీ బుర్ర గడ్డకట్టిపోతుందిరా" అని తల్లి టోపీ పట్టుకుని వెంటపడేది. అందుకే చూడండి, కొడుకు దేహాన్ని కొండ మీదికి మోసుకుపోయి పక్షులకిచ్చిన రోజున కూడా ఆ తల్లి కంట చుక్క రానివ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, ఆ పూట అక్కర్లేని మజ్జిగ చిలుకుతూ ఉండిపోయింది.

తప్పిపోయిన జడలబర్రెను వెతుకుతూ సరస్సు పైన చరియ దారిన పోయాడు. కొత్త మంచు కింద రాయి కదిలింది. అంతే. బర్రె మాత్రం సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

కోడలు యాంజీ అప్పుడు తరాప్‌లో పుట్టింట్లో ఉంది. వాళ్ళమ్మకు కీళ్ళు పట్టేసి లేవలేకపోతే బార్లీ కోతకు సాయం వెళ్ళింది. కడుపుతో ఉంది, ఐదో నెల. చావుకు వచ్చిన ఆడవాళ్ళు పల్మో చెయ్యి పట్టుకుని, "బెంగపడకమ్మా, నీ కోడలి కడుపునే మళ్ళీ పుడతాడులే" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె లామా దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముసలివాడు, అబద్ధం చెప్పడం చేతకానివాడు. "ఆ గదిలో ఐదు నెలల క్రితమే ఎవరో వచ్చి చేరారు తల్లీ. ఇంకొకరికి చోటెక్కడిది?" అన్నాడు. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఏడు వారాల ఆఖరి రోజున, వాడి బొమ్మ గీసిన కాగితాన్ని దీపానికి అంటించేటప్పుడు, భార్య చేత్తో ఆఖరి గిన్నె టీ పోయించాలి. లేకపోతే వాడు గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తూ ఉంటాడు.

ఎదురుచూడటం వాడికి అలవాటే. చిన్నప్పుడు అమ్మ పొరుగూరు వెళితే గడప మీద కూర్చుని అక్కడే నిద్రపోయేవాడు. ఆ గడప గుర్తొచ్చి పల్మో బయల్దేరింది.

తరాప్‌లో కబురు చెప్పేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఏడుస్తున్న పిల్లను, అందులోనూ ఒట్టి మనిషి కాని పిల్లను, ఏ తండ్రి కనుమలెక్కనిస్తాడు? ఈలోగా మంచుపడి దారులు మూసుకుంటాయి. గుమ్మంలో వాడు నిలబడే ఉంటాడు. కాబట్టి రెండో కనుమ దాటి, రింగ్మో సరస్సు నీలం కంటపడే దాకా పిల్లకు తెలియకూడదు. ఇదీ పల్మో లెక్క.

ఇంకో పని కూడా ఉంది. పోయినవాడికి ఏడు వారాలూ పూటపూటా తిండి పెట్టాలి. ఒళ్ళు లేనివాడు ముద్ద మింగలేడు, వాసనే తింటాడు. అందుకని బార్లీ పిండిలో చిటికెడు వెన్న కలిపి నిప్పు మీద వేస్తారు. వాడి గిన్నెలో టీ పోసి పక్కన పెడతారు. ఇంట్లో తన ముసలాయన ఉన్నాడు కానీ, తన టీ తనే మరిచిపోయే మనిషి వాడి టీ ఏం గుర్తుపెట్టుకుంటాడు? పైగా కొడుకు ఇంట్లో ఉంటాడని నమ్మకమేమిటి? తప్పకుండా పెళ్ళాన్ని చూడ్డానికి తరాప్ వెళ్ళి ఉంటాడు. అక్కడ వాడు పోయాడని ఎవరికీ తెలియదు. తెలియనివాళ్ళు ఎందుకు పెడతారు? నిండిన ఇంట్లో ఆకలితో కూర్చుంటాడు. అందుకే పల్మో వాడి కర్ర గిన్నెను అంగీ లోపల, గుండెకు ఆనించి కట్టుకుంది. అంచు మీద చిన్న గాటు ఉన్న గిన్నె అది. పళ్ళొచ్చేటప్పుడు వాడు కొరికిన గాటు.

*

తరాప్ చేరేసరికి యాంజీ కళ్ళంలో ఉంది. తలకు గుడ్డ చుట్టుకుని, కర్రతో కంకులు బాదుతోంది. అత్తను చూసి కర్ర కింద పడేసి నవ్వింది.

"అమా! నువ్వొచ్చావేంటి? రావాల్సిన మనిషి రాకుండా!"

"రావాల్సిన మనిషి బర్రెల్తో పైనుంది. మీ మామ మోకాలు విరగ్గొట్టుకు కూర్చున్నాడు. ఇంట్లో పొయ్యి ఊదేవాళ్ళు లేరు. మూట కట్టు, పోదాం."

ఆ సాయంత్రం వియ్యంకుడి ఇంట్లో పొయ్యి చుట్టూ కూర్చుని పల్మో ఆగకుండా మాట్లాడింది. మోకాలు ఎలా విరిగిందో చెప్పింది. పక్కింటి కుక్క గుడిలో వెన్నదీపం నాకేసిన సంగతి చెప్పింది. ఈసారి ఆలుగడ్డలు పిడికిలంత ఊరాయని చెప్పింది. మాట ఆగితే ఏం బయటికొస్తుందోనని భయం ఆమెకు. యాంజీ ఒత్తుల దారం పేనుతూ వింటూ కూర్చుంది.

"నూర్పిడి అయ్యాక పంపుతానమ్మా" అన్నాడు యాంజీ తండ్రి.

"నూర్పిడయ్యేసరికి కనుమ మూసుకుంటుంది అన్నయ్యా. నీ మనవడు ఇక్కడ పుట్టాడంటే మణిగోడకి ఏ పక్కన నడవాలో తెలీకుండా పెరుగుతాడు."

అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో చెబుతాను. మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన గోడలు ఆ దారుల పొడుగునా ఉంటాయి. తరాప్‌లో యాంజీ వాళ్ళు ఆ గోడను కుడిచేతి వైపు ఉంచుకుని నడుస్తారు. రింగ్మోలో పల్మో వాళ్ళది పాత మతం, ఎడమచేతి వైపు ఉంచుకుని నడుస్తారు. దేవుళ్ళ మధ్య తగువేమీ లేదు, నడకలోనే తేడా. అందుకని అత్తాకోడళ్ళు ఎక్కడికి పోయినా గోడ రాగానే విడిపోతారు, గోడ చివర మళ్ళీ కలుస్తారు.

యాంజీని పెళ్ళి చేసి తెచ్చిన రోజు మొదటి గోడ దగ్గర కొడుకు ఆగిపోయాడు. అమ్మ అటు, పెళ్ళాం ఇటు. తల గోక్కున్నాడు. అమ్మతో ఆ పక్కన నడిచి చివరికి పోయాడు. మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొచ్చి పెళ్ళాం పక్కన నడిచాడు. "గానుగెద్దులా ఏంట్రా అది?" అని పల్మో తిడితే, "ఇద్దరి దేవుళ్ళతోనూ నాకు పనుందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ప్రతి గోడ దగ్గరా అంతే. ఊళ్ళో పిల్లలు వాణ్ణి చూసి నవ్వేవాళ్ళు.

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. తోడుగా ఛేవాంగ్ తాత వచ్చాడు. రెండు బర్రెల మీద ఉప్పు వేసుకుని రింగ్మో పోయి ఆలుగడ్డలు మార్చుకొస్తాడు ఆయన. మనిషికి పళ్ళు తక్కువ, మాటలెక్కువ.

ఊరి చివర మొదటి గోడ వచ్చింది. పొడుగాటి గోడ. యాంజీ తన పక్కకు వెళ్ళిపోయింది. పల్మో తన పక్కకు వచ్చింది. అవతల కోడలి అడుగుల చప్పుడు వినిపిస్తోంది కానీ మనిషి కనిపించదు. అప్పుడు పల్మోకు తెలిసింది, ఈ గోడ తనకు ఎంత మేలు చేస్తుందో. నిన్నటి నుంచి బిగపట్టి ఉంచిన ముఖాన్ని వదిలేసింది. పెదాలు వాటంతటవే కిందికి జారాయి, గడ్డం వణికింది. కన్నీరు రానివ్వలేదు కానీ ముఖాన్ని మాత్రం దాని ఇష్టానికి వదిలేసింది. గోడ అయిపోవస్తుంటే రెండు చేతులతో చెంపలు రుద్దుకుని, ముఖాన్ని మళ్ళీ సర్దుకుంది.

చివర యాంజీ ఎదురొచ్చింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. గాలికేమో అనుకుంది పల్మో.

మధ్యాహ్నం ఆగినప్పుడు ఛేవాంగ్ తాత ఎండుపేడ రాజేసి టీ కాచాడు. పల్మో ఒక నిప్పుకణిక చిప్పలో వేసుకుని బండ వెనక్కి పోయింది. చిటికెడు పిండి, గోరంత వెన్న. గిన్నెలో తన టీలోంచి సగం పోసింది. "తినరా" అంది. "ఇదిగో, నీ పెళ్ళాం ఇక్కడే ఉంది, మనతోనే వస్తోంది. ముందుకు పరుగెత్తకు, వెనకబడకు." పిండి మాడి పొగ లేచింది. ఆ పొగ ఆమె జుట్టుకీ అంగీకీ పట్టుకుంది.

సాయంత్రం మజిలీలోనూ ఇదే వరస.

"ఏమ్మా పల్మో" అన్నాడు ఛేవాంగ్ తాత. "బండ కనపడితే చాలు వెనక్కి పోతున్నావు. బంగారం పాతిపెడుతున్నావా?"

"ముసలి కడుపన్నా. నీకేం తెలుసు?"

"నీకంటే పదేళ్ళు పెద్దోణ్ణి. నా కడుపు చూడు, రాయి. నీ వియ్యంకుడు ఏం పెట్టి పంపాడో పాపం!"

"మా నాన్నని అనకు తాతా" అంది యాంజీ. "పోనీలే అమా, పోయిరా. నేను ఇటు తిరిగి కూర్చుంటాలే." అని నిజంగానే అటు తిరిగి కూర్చుంది.

నుమాలా కనుమ ఎక్కుతుంటే గాలి పలచబడి ప్రతి పది అడుగులకీ ఆగవలసి వచ్చింది. యాంజీ నడుముకు చెయ్యి ఆనించుకుని ఎక్కుతోంది. పల్మో వెనక నుంచి వెల్లుల్లి రెబ్బలు అందిస్తోంది. "నములు, తల తిరగదు. వాసనొస్తే నీ మొగుడు ముద్దు పెట్టుకోడులే, పరవాలేదు." ఆ మాట నోట్లోంచి వచ్చాక పల్మో కాలు ఆగిపోయింది. యాంజీ తిరిగి చూడలేదు. "వెల్లుల్లి వాసనకి భయపడే మనిషి కాదులే" అంది, ఎక్కుతూనే.

పైన జెండాలు పటపటా కొట్టుకుంటున్నాయి. ఛేవాంగ్ తాత గట్టిగా దేవతలకు జేజేలు పలికాడు. యాంజీ పలికింది. పల్మో కూడా పలికింది కానీ గొంతులోంచి దగ్గే ఎక్కువ వచ్చింది. ఆ దగ్గు తరాప్ చేరిన నాటి నుంచీ ఉంది. ఎవరూ గమనించలేదనుకుంది.

*

రెండు కనుమల మధ్య లోయలో దిగుతుంటే గంటల చప్పుడు వినపడింది. కింద వంపులో కంచరగాడిదల వరస వస్తోంది. వెనక రంగురంగుల కోట్లు వేసుకున్న తెల్లవాళ్ళు కర్రలు పొడుచుకుంటూ నడుస్తున్నారు. ముందు నడిచే మనిషిని పల్మో అంత దూరం నుంచే గుర్తుపట్టింది. రింగ్మో వాడే. పూర్బా. చావుకు వచ్చి దేహాన్ని కొండ మీదికి మోసినవాడు. మంచివాడు. ఎదురుపడగానే టోపీ తీసి, కోడలి ముందే ఓదార్చేంత మంచివాడు.

ఆ క్షణం వరకూ కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్న మనిషి కాస్తా పరుగు లంకించుకుంది. దారి వదిలేసి, వాలులో గులకరాళ్ళ మీద జారుతూ, లేస్తూ.

"అమా! పడతావు!" అని వెనక నుంచి యాంజీ అరుస్తోంది.

"తెలిసినోడే! ఇంటి సంగతి కనుక్కొస్తా!"

పూర్బా ఆమెను చూసి నిలబడిపోయాడు. చెయ్యి టోపీ మీదికి పోయింది. "అమా పల్మో..." అని టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"పెట్టుకో" అంది పల్మో ఆయాసంతో. "పెట్టుకోరా టోపీ. దానికి తెలీదు."

పూర్బా పైన వాలు మీదున్న యాంజీని చూశాడు. ఆమె పొట్ట చూశాడు. టోపీ నెత్తిన పెట్టుకుని కళ్ళదాకా లాక్కున్నాడు. "నేనెలా దాని మొహం చూసేది?"

"చూడకు. గాడిదని తిట్టుకుంటూ పో."

పాపం, అలాగే చేశాడు. యాంజీ దగ్గరికి వచ్చేసరికి ఏ తప్పూ చేయని గాడిదను అమ్మనాబూతులు తిడుతూ దాటిపోయాడు. తెల్లవాళ్ళలో ఒకామె ఆగి, అత్తాకోడళ్ళను చూసి నవ్వి, ఫొటో తీసుకుంది. ఎక్కడో ఏ దేశంలోనో ఏ గోడ మీదో ఆ ఇద్దరూ ఇప్పటికీ నవ్వుతూనే ఉండి ఉంటారు.

"ఏమంటాడు?" అంది యాంజీ.

"బాగాలా కనుమలో మంచు పడేలా ఉందట. త్వరగా దాటమన్నాడు."

"టోపీ తీశాడు."

"తల దురదేమో."

యాంజీ అత్త భుజాన ఉన్న మూట తీసి తన భుజానికి మార్చుకుంది. "కడుపుతో ఉన్నదానివి, ఇలా ఇయ్యి" అని పల్మో లాగబోతే, "దగ్గేదానివి నువ్వు, నోరు మూసుకుని నడు" అంది. ఎప్పుడూ అంత మాట అనని పిల్ల.

*

బాగాలా కింద మజిలీ చేరేసరికి పూర్బా అన్నాడని పల్మో కల్పించిన మాట నిజమైంది. తడిమంచు మొదలైంది. రాళ్ళు పేర్చిన గొర్రెల దొడ్డిలో ఓ మూల ఛేవాంగ్ తాత గుడ్డ కట్టాడు. పేడ తడిసిపోయి నిప్పు అంటుకోవడం లేదు. తోలు తిత్తితో ఊది ఊది ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి గుప్పెడంత మంట వచ్చింది.

పల్మోకు తల పగిలిపోతోంది. దగ్గుతుంటే పక్కటెముకలు గుచ్చుకుంటున్నాయి. అయినా ఆ మంట చూడగానే లేచింది. చిప్పలో నిప్పు తీసుకుంది. దొడ్డి గోడ దాటి బయటికి పోయి, బండ చాటున మోకాళ్ళ మీద కూర్చుంది. పిండి తీసేలోపే మంచు పడి నిప్పు చచ్చిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో కణిక తీసుకుంది. అదీ ఆరిపోయింది. మూడోసారి లేవబోతే కాళ్ళు లేవలేదు. చిప్ప చేతిలోంచి జారి రాళ్ళ మీద దొర్లింది.

అప్పుడు భయం పట్టుకుంది ఆ తల్లికి. చలి భయం కాదు, దగ్గు భయం కాదు. ఇన్ని వారాలుగా ఒక్క పూట కూడా తప్పలేదు. ఈ పూట వాడు మంచులో, టోపీ లేకుండా, ఆకలితో నిలబడి ఉంటాడు. "ఆగరా, ఆగు" అని గొణుగుతూ తడి నేల మీద చేతులతో పాకడం మొదలుపెట్టింది.

యాంజీ వచ్చి పక్కన కూర్చుంది. దొర్లిన చిప్ప చేతిలో ఉంది. అందులో నిప్పు ఉంది, పైన తన అరచెయ్యి గొడుగులా పట్టి ఉంది.

"కూర్చో అమా. నేను వేస్తాలే."

"ఏం వేస్తావే?"

"ఆయన పిండి."

యాంజీ తన అంగీ లోపలి నుంచి చిన్న మూట తీసింది. పిండి, వెన్న. చిటికెడు నిప్పు మీద వేసింది. పొగ లేచి ఇద్దరి మధ్యా కాసేపు తిరిగి, మంచులోకి పోయింది.

పల్మో కోడలి మణికట్టు పట్టుకుంది. "ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజే. మా నాన్న ముందు కూర్చుని కుక్క సంగతి చెప్పావు, ఆలుగడ్డల సంగతి చెప్పావు. అంతసేపు మాట్లాడి ఆయన పేరు ఒక్కసారి ఎత్తలేదు. ఆయన పేరెత్తకుండా నువ్వు గుక్కెడు టీ తాగగా నేనెప్పుడు చూశాను? తర్వాత నీ జుట్టు వాసన. బతికున్నోళ్ళకి ఎవరు పిండి మాడుస్తారమ్మా?"

"మరి అడగలేదేమే?"

"అడిగితే చెప్తావు. చెప్తే ఏడుస్తావు. నేనూ ఏడుస్తాను. అక్కడ ఆయన మీద వడగళ్ళు పడతాయి. ఆయనకి టోపీ పెట్టుకునే అలవాటు లేదు కదా."

పల్మో కొంగు నోట్లో కుక్కుకుంది. యాంజీ ఆ గుడ్డ రెండో కొస తీసుకుని తన నోట్లో కుక్కుకుంది. అలా ఒకే గుడ్డ రెండు కొసలు ఇద్దరూ కొరుక్కుంటూ కూర్చున్నారు. గుండెలు ఎగిరెగిరి పడ్డాయి కానీ ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. అవతల ఛేవాంగ్ తాత వాళ్ళకు వీపు తిప్పి నిలబడి, బర్రెలతో పెద్దగా ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏమే, నీకు ఆలుగడ్డలు కావాలా? ఎన్ని కావాలేం?" అని అడుగుతున్నాడు. ఆయనకు ఎప్పుడు తెలిసిందో ఎవరూ అడగలేదు. ముసలాయన గొంతు మాత్రం ఆలుగడ్డల గురించి మాట్లాడేవాడి గొంతులా లేదు.

"గోడల దగ్గర అవతలి పక్కన ఏం చేశావే?" అంది పల్మో, మాట వచ్చాక.

"మొహం పైకెత్తుకుని నడిచాను. నీళ్ళు కింద పడకుండా. రెండుసార్లు రాళ్ళకి తట్టుకుని పడబోయాను."

"కడుపుతో ఉన్నదానివి!"

"నువ్వు దగ్గుకుంటూ ఒక్కదానివీ ఎలా వెనక్కి పోతావని బయల్దేరాను. నువ్వేమో నన్ను తీసుకుపోతున్నా అనుకుంటున్నావు."

పల్మో అంగీలో చెయ్యి పెట్టి గిన్నె బయటికి తీసింది. యాంజీ దాన్ని రెండు చేతులతో అందుకుంది. అంచు మీది గాటు మీద బొటనవేలు పెట్టి చూసింది. ఛేవాంగ్ తాత అడక్కుండానే టీ తెచ్చి పోశాడు. "వేడిగా ఉంది, చూసుకో" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

*

తెల్లారేసరికి మంచు ఆగింది. ఛేవాంగ్ తాత ఒక బర్రె మీది ఉప్పు దించి దొడ్డిలో రాళ్ళ కింద దాచి, పల్మోను ఎక్కించాడు. "నన్నిలా ఎవరూ మోయలేదు" అని ఆయన గొణిగితే, "నీ బరువేమన్నా తక్కువా అన్నా" అంది పల్మో. యాంజీ పగ్గం పట్టుకుని ముందు నడిచింది. బాగాలా మీద జేజేలు పలికినప్పుడు ముగ్గురిలోకీ ఆమె గొంతే గట్టిగా వినపడింది. మోకాలి లోతు మంచులో అవతలికి దిగారు. వాళ్ళ వెనకే ఆ కనుమ మళ్ళీ మబ్బులో మునిగిపోయింది.

మర్నాడు మలుపు తిరిగేసరికి సరస్సు కనపడింది. ఆ నీలం ఎప్పటి నీలమే. దానికేం తెలుసు? సరస్సు పైన చరియ దారి వైపు పల్మో చూడలేదు. దొడ్డిలో అత్త చెప్పగా విన్న యాంజీ మాత్రం చూసింది. చాలాసేపు నిలబడి చూసింది. పల్మో బర్రె దిగి ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది. మాట నోట్లోంచి దించుకోవలసిన చోటు ఇదే. కానీ దించడానికి ఇప్పుడు నోట్లో ఏమీ మిగల్లేదు.

ఊరి ముందు ఆఖరి మణిగోడ. పెళ్ళినాడు వాడు తల గోక్కున్న గోడ అదే. ఛేవాంగ్ తాత బర్రెలను తోలుకుని ముందు వెళ్ళిపోయాడు. అలవాటు కొద్దీ పల్మో తన పక్కకు అడుగేసింది. రెండడుగులు వేశాక చూసుకుంటే, పక్కన యాంజీ ఉంది.

"నీ దారి అటు కదే."

"తెలుసు."

"మీ దేవుడు కోప్పడతాడు."

"కోప్పడనీ. రెండు పక్కలా తిరిగిన మీ అబ్బాయినెప్పుడూ ఏమీ అనలేదుగా."

ఇద్దరూ గోడ చివరిదాకా ఒకే పక్కన నడిచారు. దాపు లేదు. ముఖాలు ఎలా ఉన్నా ఒకరిదొకరు చూసుకుంటూనే నడిచారు. గోడ అయిపోయింది. ఎదురుగా ఇల్లు, కప్పు మీద ఆరబోసిన ఎండుగడ్డి, సన్నగా పొగ. గుమ్మంలో యాంజీ మామ నిలబడి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. మోకాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. యాంజీ ఇంటివైపు అడుగు వేయబోయింది.

పల్మో ఆమె నడికట్టు పట్టుకుని ఆపింది.

"ఎక్కడికే? సగమే అయింది."

దగ్గుతూ, కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది. గోడ మొదటికి వచ్చారు. ఈసారి యాంజీ వాళ్ళ పక్కన, గోడను కుడిచేతి వైపు ఉంచుకుని నడక మొదలుపెట్టారు. పల్మో పుట్టి బుద్ధెరిగాక ఆ పక్కన అడుగు పెట్టడం అదే మొదలు. ఆ పక్క రాళ్ళ మీద కూడా అవే అక్షరాలున్నాయి. ఆ పక్క మట్టి కాస్త మెత్తగా ఉంది, అరిగి పల్లమైపోయి ఉంది. ఎవరు అన్నిసార్లు తిరిగి అరగదీశారో ఇద్దరికీ తెలుసు. పేరు ఎత్తలేదు. యాంజీ అంగీ లోపల, పొట్టకు కాస్త పైన, గిన్నె ఉంది. అది కదలకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో అత్తను పట్టుకుని, తొందరపడకుండా నడిచింది.